మిరపకట్టె పొగలో రాజ్యమత్త పెళ్ళి

మా మేనకోడలు లహరి మొన్న కార్తీకంలో ఒక ఫొటో పట్టుకుని గుంటూరులో మా ఇంటికొచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "అత్తా, ఇంత ఎమోషనల్ పెళ్ళి నేనెక్కడా చూళ్ళేదు. నా పెళ్ళి కూడా అచ్చం ఇలాగే జరగాలి" అంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. మా మేనత్త రాజ్యమత్త పెళ్ళి ఫొటో. ఒంగోలులో అత్త ట్రంకుపెట్టె అడుగున దొరికిందట. తాటాకు పందిరి, అరటిబోదెలు, పీటల మీద పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ. పెళ్ళికొడుకు భోరున ఏడుస్తున్నాడు. పురోహితుడు ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. పెళ్ళికొడుకు తల్లి మొహమంతా పైటచెంగులో దాచుకుంది. సన్నాయి ఆయన సన్నాయిని ఒళ్ళో పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు, చెంపల మీద ధారలు. అంతమందిలో ఏడవనిది ఒక్క పెళ్ళికూతురే. "చూడు, మగాళ్ళు కూడా ఎలా ఏడ్చారో! ఆ రోజుల్లో మనుషులకి ఎంతెంత ప్రేమలో" అంది లహరి. నేను నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ వంక పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

లహరి మా తమ్ముడి కూతురు. హైదరాబాదులో ఉద్యోగం. పెళ్ళికొడుకూ ఆ ఆఫీసులోనే; విజయనగరం పిల్లాడు, నెమ్మదస్తుడు, లహరి మాట్లాడుతుంటే తలూపడం అప్పటికే నేర్చుకున్నాడు. ఇద్దరూ కలిసి తీర్మానించుకున్నదేమిటంటే, ఫంక్షన్ హాలు వద్దు, క్యాటరింగ్ వద్దు, ఈవెంట్లు చేసేవాళ్ళు అసలే వద్దు, మా ఊళ్ళో మా పొలంలో కల్లం మీదే పెళ్ళి. కల్లమంటే మరేం లేదు, కోసిన మిరపకాయలు ఆరబోసుకోడానికి పొలంలో చదును చేసి అలికి పెట్టుకున్న నేల. "అన్నీ మనమే చేసుకుందాం అత్తా. ఫ్రెండ్సూ చుట్టాలూ తలా ఓ చెయ్యి. రస్టిక్‌గా ఉంటుంది" అంది. రస్టిక్ అంటే ఏమిటే అంటే ఫోన్లో బొమ్మలు చూపించింది. మట్టి ముంతల్లో మజ్జిగ, నులకమంచాల మీద అతిథులు, పాతచీరల తెరలు, గాజుసీసాల్లో గుచ్చిన పత్తికొమ్మలు. నేను పుట్టి పెరిగిన ఇల్లంతా అందులో ఉంది, పేడవాసన ఒక్కటి తప్ప.

మా తమ్ముడు ఊళ్ళోనే ఉండి సేద్యం చేస్తాడు. ఆ ఆదివారం లహరి నన్ను వెంటబెట్టుకుని ఊరికి తీసుకెళ్ళి, వాడి ముందు కూర్చోబెట్టి, తన ప్రణాళికంతా వినిపించింది. వాడు అన్నం తింటూ విన్నాడు. ముద్ద దిగాక, "మాఘంలో పెళ్ళంటే కల్లం నిండా కాయ ఉంటది. కాయ తీసుకెళ్ళి ఎక్కడ ఆరబొయ్యనే, నీ హైదరాబాద్ ఆఫీసులోనా?" అన్నాడు. "కాయ అక్కడే ఉండనీ నాన్నా. సగం కల్లంలో కాయ, సగంలో పందిరి. ఫొటోల్లో ఎర్రగా అదిరిపోద్ది" అంది లహరి. పత్తికొమ్మల బొమ్మ చూపిస్తే వాడికి నిజంగానే బాధ కలిగింది. "పత్తి తీసేవాళ్ళు దొరక్క కొమ్మలతో సహా ఇంటికి తెచ్చుకున్నాననుకుంటారే ఊళ్ళో జనం. పరువుండక్కర్లా?" అన్నాడు. ఎద్దుబండి కావాలంది లహరి. ఒంగోలు ఎడ్లు ఇప్పుడు పందేలకీ ప్రదర్శనలకీ తప్ప బండికి వంగవనీ, వాటి యజమానుల్ని బతిమాలడం కంటే కలెక్టరుగారిని బతిమాలడం తేలికనీ వాడు చెప్పాడు. ఆమాటా ఈమాటా అయ్యేసరికి ఎవరెవరికి ఏ పనో లహరి పంచేసింది. స్నేహితులు పందిరి అల్లుతారు. విజయనగరం వాళ్ళు పూలదండలు కడతారు. వంటలెవరంటే, "అమ్మ ఉందిగా." వచ్చేపోయేవాళ్ళనెవరు చూస్తారంటే, "అమ్మ ఉందిగా." చీరలు, సారె, పురోహితుడికి కావలసినవి, అతిథులకి నులకమంచాలు, అన్నిటికీ అమ్మే ఉంది. ఆ అమ్మ, మా మరదలు పద్మ, వంటింటి గుమ్మంలో చారుగిన్నె పట్టుకుని నిలబడి, "నాకేం పర్లేదు వదినా, అలవాటేగా" అంది నాతో.

చివరికి మా తమ్ముడు చెయ్యి కడుక్కుని, "రాజ్యమత్త ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదమ్మా" అని నావైపు చూసి ముసిముసిగా నవ్వాడు. అత్త ఒప్పుకోదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. మా ఇంట్లో ఇప్పుడు అందరికంటే పెద్ద ఆవిడే. తన పెళ్ళి ఆ కల్లంలో జరిగిన దగ్గర్నించీ ఆ చోటంటే ఆవిడకి మంట. "ఆ కల్లంలో ఇంకో పెళ్ళి పెట్టారా, నేను రాను" అని ఒకసారి అందరి ముందూ అనేసింది. ఆవిడ మాటంటే మాటే. అందుకే నా పెళ్ళీ మా తమ్ముడి పెళ్ళీ గుంటూరు సత్రాల్లో, ట్యూబులైట్ల కింద జరిగాయి. లహరి ఇంటర్ చదివిన రెండేళ్ళూ ఒంగోలులో అత్త ఇంట్లోనే ఉండి, ఆవిడని అమ్మమ్మా అంటూ ఆవిడ పక్కలోనే పడుకుంది. "అమ్మమ్మ రాకుండా నేను పీటల మీద కూర్చోను. కల్లంలో కాకపోయినా కూర్చోను" అంది మొండిగా. "అయితే నిలబడే చేసుకో" అన్నాడు వాళ్ళ నాన్న. ఎగతాళికి అన్నాడు గానీ ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దానికి అత్తా కావాలి, కల్లమూ కావాలి. రెండూ కలిసేది ఎలాగో ఎవరికీ తెలీదు. "అసలు అమ్మమ్మకి అంత కోపం ఎందుకత్తా? అంత బాగా జరిగిన పెళ్ళికి!" అని నన్నడిగింది. అప్పుడిక ఫొటోలో కన్నీళ్ళ సంగతి చెప్పక తప్పలేదు.

మా తాతయ్యకి డబ్బిచ్చి పని చేయించుకోవడమంటే అవమానం. "మనింట్లో చేతుల్లేవా?" అన్నది ఆయన వేదం. చుట్ట నోట్లోంచి తీయకుండానే అనేవాడు కాబట్టి సగం మాటలు పొగే. ఇల్లు కప్పాలన్నా, గేదె ఈనాలన్నా, పెళ్ళి చేయాలన్నా మనింట్లో చేతుల్లేవా? ఆయన చేతులు రెండూ మాత్రం ఎక్కువగా వీపు వెనక కట్టుకుని ఉండేవి. రాజ్యమత్తకేమో గుంటూరులో సత్రంలో పెళ్ళి చేసుకోవాలని ఉండేది. ఆవిడ స్నేహితురాలికి అలాగే జరిగింది. రంగు బల్బులు, మైకు సెట్టు, వెండి పన్నీరుబుడ్డి. ఆ మాట అత్త నాయనమ్మతో అంటే, నాయనమ్మ తాతయ్యకి మజ్జిగ గ్లాసు ఇచ్చి, ఆయన సగం తాగి చల్లబడ్డాక అంది. ఆయన మీసం తుడుచుకుని, "కల్లం కన్నా పెద్ద సత్రం గుంటూరులో ఎక్కడుంది? చూపించమను" అన్నాడు. వైశాఖంలో కాయ అమ్ముడైపోయి కల్లం ఖాళీగా ఉంటుంది, నేల గట్టిది, పక్కనే బావి. కాదనడానికి వీల్లేని వాదన. అత్త రెండురోజులు మూతి ముడుచుకుంది. ఆ తర్వాత అందరితోపాటు కూర్చుని తన పెళ్ళికి తనే అప్పడాలు ఒత్తింది.

ఆ నెలంతా మా ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున్నే రోట్లో పసుపు దంచే చప్పుడుకి నిద్ర లేచేదాన్ని. పచ్చి పసుపుకొమ్ము వాసన, కాగుతున్న నెయ్యి వాసన, అలికిన అరుగు వాసన, వీటన్నిటి కిందా మా ఇంటికి శాశ్వతంగా ఉండే ఎండుమిరప కోరు, ముక్కుకెక్కే ఆ ఘాటు. కొత్తవాళ్ళు మా గడపలోకి అడుగుపెట్టగానే తుమ్మేవాళ్ళు, మేం ఎందుకో తెలీక చిరంజీవ అనేవాళ్ళం. మంచాల మీద తడి పాతచీరలు పరిచి వడియాలు పెట్టారు. కాకుల్ని తోలడానికి కూర్చోబెట్టిన ముసలమ్మ కాకుల కంటే ఎక్కువ వడియాలు తిన్నదని మా అమ్మ అనుమానం. ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ గుండిగలూ గంగాళాలూ అరువు తెచ్చారు. ఏ గిన్నె ఎవరిదో గుర్తు తప్పకుండా నాయనమ్మ వాటికి రంగు దారాలు కట్టింది. అందరికీ పని చెప్పేది నాయనమ్మే, అందరి పనీ మళ్ళీ సర్దేదీ నాయనమ్మే. మనిషి పొట్టి, నడక గాలి. కూర్చుని ఆవిడ ఏదైనా తినడం నేను చూసిన గుర్తు లేదు. గిన్నెలో మిగిలినదాన్ని గరిటెతోనే నోట్లో వేసుకుని, అదే గరిటెతో ఎవరినో అదిలిస్తూ వెళ్ళిపోయేది.

పెళ్ళికొడుకు తెనాలి పక్క మాగాణి పల్లెటూరివాడు, ఒంగోలులో ఆఫీసు ఉద్యోగం. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు అన్నం పెట్టి కొరివికారం వడ్డించారు. మొదటి ముద్దకే ఆయనకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి, ముక్కూ చెవులూ ఎర్రబడ్డాయి. "మా వాడు కారం తినడండీ, పెరుగేయండి" అంది ఆయన తల్లి కంగారుగా. ఆయన మాత్రం విస్తరి ముందుకి జరిపి, కళ్ళు తుడుచుకుంటూ, ఇంకొంచెం వెయ్యమన్నాడు. తలుపు వెనకనుంచి చూస్తున్న రాజ్యమత్త ఆ క్షణానే ఖాయం చేసుకుంది. ఏడుస్తూ కూడా మళ్ళీ వేయించుకునేవాణ్ణి వదులుకోకూడదని తర్వాత తర్వాత మాకు చెప్పేది. ఆయన తల్లికి మాత్రం ఈ సంబంధం అంత ఇష్టం లేదు. వరి పండించేవాళ్ళకి మిరప పండించేవాళ్ళంటే ఓ చిన్నచూపు. పొలంలో పెళ్ళి అని తెలిశాక ఆ చూపు ఇంకాస్త చిన్నదైంది. ఏదో ఒక లోటు దొరికితే చాలు అన్నట్టు ఉందావిడ, ఆ సంగతి అత్తకీ తెలుసు, నాయనమ్మకీ తెలుసు.

లోటు ఎలా దొరికిందో చెప్తాను. పురోహితుడు పెదకాకాని నుంచి ముందుగానే వచ్చి, వంటలు ఆగ్నేయంలో పెట్టండన్నాడు. తాతయ్య వినలేదు. "బావి పడమటుంది. ఆగ్నేయానికి నీళ్ళు మీరు మోస్తారా?" అన్నాడు. పడమటనే గాడిపొయ్యి తవ్వారు. అంటే నేలలో పొడుగ్గా కాలవలా తవ్వి, కింద కట్టెలు పెట్టి, పైన వరసగా గుండిగలు ఎక్కించే పొయ్యి. చింతమొద్దులు తోలించి పెట్టారు. పెళ్ళికి ముందురోజు సాయంత్రం గాలివాన కొట్టి ఆ మొద్దులు తడిసిపోయాయి. తెల్లారి ఎంత ఊదినా రాజుకోవు. "మిరపకట్టె వెయ్యండి, భగ్గుమంటది" అన్నాడు తాతయ్య. అదేం తప్పు సలహా కాదు. కాపు అయిపోయాక పీకి ఎండబెట్టిన మిరపమొక్కలే మా ఇళ్ళలో ఏడాది పొడుగునా వంటచెరుకు. కాకపోతే ఆ ఏడు ఆఖరి కోతకి కాయ కూలికి కూడా రాదని, కొయ్యకుండానే మొక్కలు పీకేశారు. మోపులనిండా ఎండిన కాయ అలాగే వేలాడుతోంది. పొయ్యి దగ్గర ఉన్న మా వాళ్ళెవరికీ అది కనపడలేదా అంటే, కనపడింది. మిరపకాయ కనపడితే ఆశ్చర్యపోవడానికి మేమేమన్నా తెనాలి వాళ్ళమా? కాస్త కోరు వస్తే రానీ అనుకున్నారు. పొద్దున్న గాలి లేదు, పొగ నిటారుగా పైకి పోయింది, వంట జరిగిపోయింది.

పందిట్లో కన్యాదానం అయింది. తాతయ్య పక్కన పీట మీద నాయనమ్మ కూర్చుని నీళ్ళు పోసింది. ఆ నెలలో ఆవిడ కూర్చున్నది అదొక్కటే. అప్పుడే కబురొచ్చింది: మగపెళ్ళివారు అనుకున్నదానికంటే ఇంకో లారీ నిండా వచ్చారు, అన్నం చాలదు. నాయనమ్మ లేచింది. "ఎసట్లో బియ్యం పోసి ఇట్టే వచ్చేస్తా" అని పురోహితుడికి చెప్పి, పట్టుచీర కుచ్చెళ్ళు పైకి దోపి పొయ్యి వైపు నడిచింది. మళ్ళీ కొత్తగా మంట కావాలి కాబట్టి ఇంకో నాలుగు మోపులు తోశారు. సరిగ్గా అప్పుడే, ఎండ ముదిరే వేళకి మా వైపు రోజూ లేచినట్టే పడమటి గాలి లేచింది.

నేను అత్త వెనకాలే కూర్చుని ఉన్నాను. మొదట ముక్కులో చిన్న చురుకు. తర్వాత పందిట్లోకి ఓ తెల్లటి తెర వచ్చినట్టయింది. పురోహితుడు మంత్రం మధ్యలో ఆగి దగ్గడం మొదలుపెట్టాడు. మంత్రం అందుకోబోతే దగ్గు, దగ్గు ఆగితే తుమ్ము. సన్నాయి మూగబోయింది. డోలు ఆయన ఒక్కడే కళ్ళు గట్టిగా మూసుకుని వాయిస్తూ ఉండిపోయాడు, గొప్ప మనిషి. మగపెళ్ళివారి వైపు నుంచి ఒకటే ఖళ్ళు ఖళ్ళు. మా వాళ్ళు మాత్రం నీళ్ళు నిండిన కళ్ళతోనే, "ఏమైందండీ? ఏమైంది?" అని మర్యాదగా అడుగుతున్నారు. పెళ్ళికొడుకు తల్లి లేచి నిలబడింది. "ఇది పెళ్ళా, మమ్మల్ని చంపడానికి పిలిచారా? లేవరా, లే!" అంది కొడుకుతో. మంగళసూత్రం ఆయన చేతిలోనే ఉంది. ఘడియలు దాటిపోతున్నాయి. "కట్టు బాబూ, కట్టు" అంటున్నాడు తాతయ్య, చేతులు మొదటిసారి వీపు వెనకనుంచి ముందుకి తెచ్చి. పెళ్ళికొడుకు లేవలేదు. కానీ ధారగా కారుతున్న కళ్ళతో ఎదురుగా ఏముందో ఆయనకి తెలియడం లేదు. చేతులు గాల్లో తడుముతున్నాయి. అప్పుడు రాజ్యమత్త జడ పక్కకి తీసుకుని, తల వంచి, ఆయనకి మాత్రమే వినపడేట్టు, "ఇటు" అంది. వెనకాలే ఉన్నాను కాబట్టి నేనూ విన్నాను. ఆయన ఆ మాట వైపు చేతులు తిప్పి ముడి వేశాడు. బతికున్నన్నాళ్ళూ మామయ్య ఆ మాట పట్టుకుని ఏడిపించేవాడు. "మెడ ఎక్కడుందో తనే చెప్పి కట్టించుకుంది మీ అత్త" అనేవాడు. గుంటూరు నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే, తనూ ఏడుస్తూనే, బటన్ నొక్కాడు.

పొయ్యి దగ్గర నాయనమ్మ ఏం చేసిందో తర్వాత విన్నాం. పొగ పందిరి మీదికి పోవడం చూసి, మండుతున్న కట్టెని చేతుల్తోనే బయటికి లాగిందట. ఎవరో బుద్ధిమంతుడు దాని మీద బిందెడు నీళ్ళు కుమ్మరించాడు, దాంతో పొగ పదింతలైంది. చివరికి ఆవిడే పార తీసుకుని మట్టి కప్పింది. మసి మొహంతో, చేతుల నిండా బొబ్బలతో పందిట్లోకి వచ్చేసరికి మూడు ముళ్ళూ పడిపోయాయి. మగపెళ్ళివారు పందిరి బయట నిలబడి అరుస్తున్నారు. నాయనమ్మ నేరుగా వియ్యపురాలి దగ్గరికి వెళ్ళి, "దిష్టి తీసి నిప్పుల్లో వేసిన మిరపకాయ కోరు రాకపోతే కదండీ వదినగారూ, దిష్టి ఉన్నట్టు? ఇంత కోరొచ్చిందంటే మన పిల్లలకి ఈ భూమ్మీద ఎవరి దిష్టీ లేదు" అంది. ఆవిడ నోరు తెరిచింది, దగ్గొచ్చింది, ఆ దగ్గు ఎలా తిరిగిందో నవ్వైపోయింది. లోటు పోయింది, పెళ్ళి నిలబడింది. ఆ ఒక్క మాట మా ఇంట్లో తరాల తరబడి చెప్పుకున్నాం. చెప్పుకున్నప్పుడల్లా అందరం పడి పడి నవ్వేవాళ్ళం, ఒక్క రాజ్యమత్త తప్ప. సత్రం పెళ్ళి తప్పిపోయిందన్న అక్కసు పాపం ఇంకా పోలేదనుకునేవాళ్ళం.

ఇదంతా విని లహరి ముందు ఊపిరాడకుండా నవ్వింది, తర్వాత ఫొటో వైపు చూసి, "అయితే ఇదంతా ప్రేమ కాదా?" అని నీరసపడింది. మర్నాడు ఇద్దరం ఒంగోలు బస్సెక్కాం. అత్త కొడుకు ఇంట్లో, వరండాలో కుర్చీ వేసుకుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎనభై దాటినా చెవులు పాముచెవులు, మెట్ల మీద చప్పుడుకే "లహరీ!" అంది. నేను నసుగుతూ, చుట్టూ తిప్పుతూ విషయంలోకి వచ్చాను. కల్లం అన్న మాట వినగానే ఆవిడ చేతులు ఆగాయి. నేను తొందరపడి, "ఇప్పుడు మిరపకట్టెలేం లేవత్తా, అంతా గ్యాసు. పొగ రాదు" అన్నాను.

"పొగొచ్చిందని ఎవరేడ్చారే?" అంది అత్త. "పొగలో పుట్టినదాన్ని, పొగలో పెరిగినదాన్ని. నాకు పొగో లెక్కా?"

"మరి సత్రంలో కాలేదనా?"

"ఛీ! సత్రం ముచ్చట అప్పడాలు ఒత్తేటప్పుడే పోయింది." చిక్కుడుకాయ ఒకటి తీసి ఈనె లాగి, మళ్ళీ గిన్నెలోనే పడేసింది. "తాళి పడ్డాక తలెత్తి చూశా. మా నాన్నున్నాడు, మా వదినుంది, మీరంతా ఉన్నారు. మా అమ్మ లేదు. నెలరోజులు నిలువుకాళ్ళ మీద నిలబడి ఆ పెళ్ళి చేసిందే మా అమ్మ. చూడనిదీ మా అమ్మే. మీరంతా ఆ దిష్టి మాట చెప్పుకుని నవ్వుతారు. నవ్వండి, నేనొద్దన్లా. అమ్మ పెద్దదై మంచాన పడ్డాక నేను వెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని అడిగేది, 'ఎట్టా కట్టాడే అల్లుడు? నువ్వేం చేశావు? చెప్పు' అని. చెప్పేదాన్ని. ఊఁ కొడుతూ వినేది. మళ్ళీ వెళ్తే మళ్ళీ అడిగేది. మర్చిపోయి కాదు. చూళ్ళేదు గనక."

లహరి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళు ఆ కథ నేను ఎంతమందికి ఎన్ని సొగసులు చేర్చి చెప్పానో! నాకు అందులో పొగ కనిపించింది, నాయనమ్మ చమత్కారం కనిపించింది. మామయ్య తడుముకున్న చేతులు కూడా కనిపించాయి. నాయనమ్మ ఆ వేళకి ఎక్కడుందో చెప్తూనే ఉన్నాను గానీ, అక్కడ ఉందంటే ఇక్కడ లేదనే ముక్క నాకెప్పుడూ తట్టలేదు.

అత్త కళ్ళు తుడుచుకోలేదు, గొంతు మాత్రం సవరించుకుంది. "మీ వంటలెవరు చేస్తున్నారే?" అని అడిగింది లహరిని. ఆ పిల్ల అలవాటుగా "అమ్మ ఉందిగా" అనబోయి సగంలో ఆగిపోయింది. అత్త అంది: "పెళ్ళి కల్లంలోనే చేసుకో. వస్తా. మంచాలేసుకోండి, ముంతల్లో తాగండి, మీ ఇష్టం. కానీ వంటవాళ్ళని పెట్టండి. మీ అమ్మ పందిట్లో కూర్చోవాలి. పద్మ లేచిందంటే నేనూ లేచి బస్సెక్కుతా." లహరి అక్కడికక్కడే ఫోన్ చేసి, "అమ్మా, నువ్వేం చెయ్యొద్దు" అంది. "నేను చెయ్యకపోతే ఎవరు చేస్తారే?" అంది పద్మ అవతల్నించి, భయంగా. అత్త ఫోన్ లాక్కుని, "కాకపోతే మానె! కూర్చోడం నేర్చుకో" అని కేకేసింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, ఆ చేసినవాళ్ళు పెళ్ళి చూశారో లేదో ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఆడవాళ్ళెవరైనా ఏ పెళ్ళైనా మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూశారా అని వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టబోతే నాకు వేలు మడిచే అవసరం రాలేదు. మనింట్లో చేతుల్లేవా అంటే ఉన్నాయి. అవి ఎవరి చేతులో తాతయ్యా చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. ఇప్పటి పిల్లలు డబ్బు పారేసి అన్నీ కొనుక్కుంటారని మనం మూతి తిప్పుతాం. కొనుక్కున్న వంటలో నాయనమ్మ చేతి రుచి ఉండదు, నిజమే. కానీ అప్పుడూ కొనుక్కుని ఉంటే నాయనమ్మకి తీరికుండేది. నేనైతే ఇప్పుడు ఆ రెండోదాన్నే కోరుకుంటాను, ఆ చేతి పులిహోర మీద నాకెంత మమకారమున్నా సరే.

మాఘంలో పెళ్ళి జరిగింది. స్నేహితులు ఫోన్లో వీడియో చూసి అల్లిన పందిరి ముందురోజుకే ఒంగోలు వైపు ఒరిగితే, మా తమ్ముడు దాన్ని తాడుతో ట్రాక్టరుకి కట్టాడు. ఫొటోల్లో ట్రాక్టరు కూడా రస్టిక్‌గానే ఉందన్నారు. ఎద్దుబండి దొరకలేదు. పత్తికొమ్మలు మాత్రం పెట్టారు. వచ్చిన రైతులందరూ వాటిముందు ఆగి, కాయ గిల్లి చూసి, పింజ బాగుందో లేదో చర్చించుకున్నారు. సగం కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయ. విజయనగరం వియ్యాలవారు కారు దిగిన దగ్గర్నించీ ఒకటే తుమ్ములు, మేం యథాప్రకారం ఏమైందండీ, ఏమైంది అన్నాం. చిలకలూరిపేట నుంచి వచ్చిన వంటమేస్త్రీ దూరంగా, ఆగ్నేయంలో, గ్యాసు పొయ్యిల మీద తన పని తను చేసుకుంటున్నాడు.

పద్మకి మాత్రం నరకం. కన్యాదానం అయ్యాక పట్టుచీరలో కుర్చీ అంచున ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కొంగు మడతలు పెడుతోంది, విప్పుతోంది. పక్క కుర్చీలో రాజ్యమత్త. ఇంకాసేపట్లో తాళి కడతారనగా వంటలవైపు పెద్ద చప్పుడైంది, ఎవరో "పెరుగు! పెరుగు!" అని అరిచారు. పద్మ దిగ్గున లేచింది. అత్త ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"పెద్దమ్మా, పెరుగు పోయినట్టుంది... ఇట్టే వచ్చేస్తా."

"కూర్చో" అంది అత్త.

"అన్నంలోకి పెరుగు లేకపోతే..."

"కూర్చోవే!"

పద్మ కూర్చుంది. సన్నాయి జోరు పెరిగింది, అక్షింతలు లేచాయి, అందరం మెడలు సాచి లహరిని చూస్తున్నాం. అత్త మాత్రం పెళ్ళికూతురి వైపు చూడలేదు. పట్టుకున్న చెయ్యి వదలకుండా, పద్మ మొహంలోకే చూస్తూ కూర్చుంది.